ఆ పిన్ని ఎవరు? రొమ్ము క్యాన్సర్ కుటుంబ చరిత్ర ఉన్నవారిని పంపే ముందు అడగవలసినవి

డాక్టర్ గారూ, మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. గాజువాక దగ్గర మీరు పనిచేస్తున్న పట్టణ ఆరోగ్య కేంద్రానికి 34 ఏళ్ల మహిళ వచ్చింది. ఆమెకు రొమ్ములో గడ్డ లేదు, ఏ బాధా లేదు. తల్లికి 46వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చిందనీ, చికిత్స తరువాత ఇప్పుడు బాగానే ఉందనీ, పిన్ని మాత్రం 50 నిండకుండానే కడుపులో గడ్డ వచ్చి, నీరు పట్టి చనిపోయిందనీ చెప్పి, తనకు మామోగ్రామ్ రాయమని అడిగింది. ఆమెను ఎక్కడికైనా పంపాలా, పంపితే లేఖలో ఏం రాయాలి, ఇలా భయపడి వచ్చే ప్రతివారినీ పంపడం సబబేనా అన్నవి మీ ప్రశ్నలు. ఇరవై ఏళ్లకు పైగా విశాఖపట్నంలో రొమ్ము శస్త్రచికిత్సలు చేస్తున్న అనుభవంతో, నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను.

మీ ప్రశ్నకు జవాబు మొత్తం ఒక్క మాట మీద ఆధారపడి ఉంది. ఆ మాట ‘పిన్ని’. ఆ పిన్ని ఆమె తల్లికి తోడబుట్టిన చెల్లెలా, లేక బాబాయి భార్యా? మన భాషలో ఇద్దరినీ పిన్ని అనే పిలుస్తాం. తల్లి చెల్లెలే అయితే, ఆ కడుపులో గడ్డ అండాశయ క్యాన్సర్ అయితే, ఈమెను తప్పక పంపాలి, ఆలస్యం చేయకూడదు. బాబాయి భార్య అయితే ఈమెతో ఆవిడకు రక్తసంబంధమే లేదు. అప్పుడు మిగిలేది 46 ఏళ్ల వయసులో ఒకే ఒక రొమ్ముకు వ్యాధి వచ్చిన తల్లి మాత్రమే, ఆ ఒక్క కారణంతో పెద్ద ఆసుపత్రికి పంపవలసిన అవసరం సాధారణంగా ఉండదు. అక్కాచెల్లెళ్లను అన్నదమ్ములకిచ్చి చేసిన ఇళ్లు మన ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి కనుక ఆవిడ రెండు విధాలా పిన్ని కావడానికీ అవకాశం ఉంది. కాబట్టి మీరు కేస్ షీటులో ‘ఆంట్’ అని రాసి ఉంటే, దయచేసి దాన్ని కొట్టేసి, ‘తల్లి సొంత చెల్లెలు’ అనో ‘తండ్రి తమ్ముడి భార్య’ అనో తెలుగులోనే రాయండి.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో భీమునిపట్నం వైపు నుంచి 38 ఏళ్ల మహిళ రొమ్ములో గడ్డతో వచ్చింది. ‘మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా?’ అని అడిగాను. ఆమె లేదంది. కుటుంబ చరిత్ర లేదని రాసి ఆపరేషన్ చేశాను. నాలుగేళ్ల తరువాత ఆమె చెల్లెలు అదే జబ్బు బాగా ముదిరిన దశలో నా దగ్గరికే వచ్చింది. ఆరోజు మంచం పక్కన నిలబడ్డ వాళ్ల నాన్నగారు, ‘మా అక్క కూడా ఇలాగే పోయిందమ్మా, మా అక్క కూతురు కూడా’ అన్నారు. తండ్రి వైపు ఇద్దరికి రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంది. ‘మీ ఇంట్లో’ అని నేను అడిగిన మాటకు ఆ పెద్దమ్మాయి తన అత్తవారింటిని తలచుకుని లేదని చెప్పింది. తండ్రి అక్క గురించి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నాన్న వైపు నుంచి కూడా ఈ జబ్బు రావచ్చని ఆనాడు నాకు పుస్తకాల్లో తెలుసు, కానీ నోటితో అడిగే ప్రశ్నలో ఆ తెలివిడి లేదు. ఆ చెల్లెలికి అప్పుడు 36 ఏళ్లు.

అందుకని ఇప్పుడు నేను అడిగే తీరు వేరు. ఒక తెల్లకాగితం తీసుకుని, మధ్యలో ఆమెను గీసి, ముందు తల్లి వైపు, తరువాత తండ్రి వైపు ఒక్కొక్కరినీ పేరుపేరునా అడుగుతాను. అమ్మమ్మ, అమ్మకు తోడబుట్టిన అక్కచెల్లెళ్లు, మేనమామలు, వాళ్ల పిల్లలు. అలాగే నాయనమ్మ, మేనత్తలు, పెద్దనాన్నలు, బాబాయిలు, వాళ్ల ఆడపిల్లలు. అక్క అన్నప్పుడు ‘ఒక తల్లి పిల్లలేనా?’ అని అడగాలి, ఎందుకంటే పెద్దమ్మ కూతురినీ, పెద్దనాన్న కూతురినీ కూడా మనం అక్కే అంటాం. శ్రీకాకుళం వైపు వాళ్లు ‘అప్ప’ అన్నా ఇదే చిక్కు. అత్త అన్నప్పుడు నాన్న తోబుట్టువా, మేనమామ భార్యా, భర్త తల్లా అని తేల్చుకోవాలి. ఇంగ్లీషులో ఒకే మాటలో కలిసిపోయే వారిని తెలుగు పెద్దమ్మ, పిన్ని, మేనత్త అని చక్కగా విడదీస్తుంది. అయితే ఇలా ఒకటి రెండు చోట్ల అదే తెలుగు రక్తసంబంధాన్నీ, పెళ్లి సంబంధాన్నీ కలిపేస్తుంది. ఆ ఒకటి రెండు చోట్లే మనం ఆగి అడగవలసినవి.

జబ్బు పేరు కూడా వాళ్ల మాటల్లోనే వెతకాలి. క్యాన్సర్ అనే మాటను ఇంట్లో ఎవరూ పలికి ఉండకపోవచ్చు. ‘రొమ్ము మీద పుండు పడి మానలేదు’, ‘రొమ్ము తీసేశారు’, ‘కరెంటు పెట్టించారు’ (అంటే రేడియేషన్), ‘జుట్టంతా ఊడిపోయింది’ అన్న మాటలు మీకు చాలినంత చెబుతాయి. ‘కడుపు ఉబ్బి నీరు తీయించారు, రెండు మూడు నెలల్లో పోయింది’ అంటే అండాశయ క్యాన్సర్ అయ్యే అవకాశం ఉంది, కాలేయపు జబ్బో, క్షయో కూడా కావచ్చు. కామెర్లు వచ్చాయా, గర్భసంచి డాక్టరమ్మ చూసిందా, పెద్ద ఆపరేషన్ చేశారా అని అడిగితే కొంత తేలుతుంది. పాత ఫైలు దొరికితే అంతకన్నా మేలు. మన జిల్లాల్లో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న మహిళలు చాలామంది ఉన్నారు, అండాశయాలు ఉంచారో తీశారో వారికి తెలియదు. ఆ కాగితం దొరికితే అది కూడా చూడండి.

ఇక ఎవరిని పంపాలన్న విషయానికి వద్దాం. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2013లో కుటుంబ రొమ్ము క్యాన్సర్‌పై వెలువరించిన మార్గదర్శకాలు ప్రాథమిక స్థాయి వైద్యులకు చాలా ఉపయోగపడతాయి. వాటి ప్రకారం తల్లి, తోబుట్టువు, కూతురు వంటి అతి దగ్గరి ఆడ రక్తసంబంధి ఒక్కరికి 40 ఏళ్లలోపే రొమ్ము క్యాన్సర్ వచ్చినా పంపాలి. తండ్రికి గాని, తోడబుట్టిన అన్నదమ్ములకు గాని, కొడుక్కు గాని ఏ వయసులో రొమ్ము క్యాన్సర్ వచ్చినా పంపాలి. అంత దగ్గరి వారిలో ఒకరికి రెండు రొమ్ములకూ వచ్చి, మొదటిది 50 ఏళ్లలోపే బయటపడి ఉంటే పంపాలి. అలాంటి దగ్గరివారు ఇద్దరికి గాని, ఒక దగ్గరివారితో పాటు అమ్మమ్మ, నాయనమ్మ, పిన్ని, మేనత్త వంటి రెండో వరుస వారిలో ఒకరికి గాని ఏ వయసులో వచ్చినా పంపాలి. రెండు వరుసల వారిలో కలిపి ముగ్గురికి వచ్చినా అంతే. ఒకరికి రొమ్ము క్యాన్సర్, మరొకరికి అండాశయ క్యాన్సర్ ఉండి, ఆ ఇద్దరిలో ఒకరైనా అతి దగ్గరి సంబంధి అయితే వయసుతో నిమిత్తం లేకుండా పంపాలి. మీ దగ్గరికి వచ్చిన మహిళ, ఆ పిన్ని తల్లి చెల్లెలే అయితే, సరిగ్గా ఈ చివరి కోవలోకి వస్తుంది.

దగ్గరివారిలో ఒకే ఒక్కరికి, అదీ 40 దాటిన తరువాత వచ్చి ఉంటే, సాధారణంగా మీ దగ్గరే ఉంచి చూసుకోవచ్చు. అయితే చిన్న వయసులో ఎముక, కండరాల్లో వచ్చే సార్కోమాలు, మెదడులో గ్లయోమా, పిల్లల్లో అడ్రినల్ గ్రంథి క్యాన్సర్ వంటివి అదే కుటుంబంలో ఉన్నాయా, తండ్రి వైపు ఇద్దరికో అంతకన్నా ఎక్కువమందికో రొమ్ము క్యాన్సర్ ఉందా అన్నవి అడగకుండా ఆ మాట అనకండి. తండ్రి వైపు ఎక్కువగా మగవాళ్లే ఉన్న ఇంట్లో జన్యు లోపం రెండు తరాలు కనిపించకుండా దాగి, మూడో తరంలో ఆడపిల్లలో బయటపడవచ్చు. నాన్నకు అక్కచెల్లెళ్లు ఎంతమంది అని అడగకుండా ‘నాన్న వైపు ఎవరికీ లేదు’ అని రాస్తే ఆ వాక్యానికి విలువ లేదు. ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ పరిమితులు బ్రిటన్ మహిళల లెక్కల మీద కట్టినవి. మన దేశంలో సాధారణ స్త్రీకి రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం అక్కడికంటే తక్కువ, వచ్చేవారికి మాత్రం సగటున చిన్న వయసులోనే వస్తుంది. కాబట్టి వీటిని తలుపు దగ్గర కొలబద్దగా వాడండి, ఆమె జీవితకాల ప్రమాదం ఇంత శాతం అని మీరే లెక్కగట్టి చెప్పకండి. ఆ లెక్క జన్యు సలహాదారుల పని.

మన దగ్గర మరొక విషయం ఉంది, అది పాశ్చాత్య మార్గదర్శకాల్లో పెద్దగా కనిపించదు. అదే మేనరికం. కృష్ణ ద్రోణంరాజు 1963లోనే ఆంధ్రలో దగ్గరి సంబంధపు పెళ్లిళ్లపై అధ్యయనం ప్రచురించారు. అప్పటితో పోలిస్తే ఈ పెళ్లిళ్లు తగ్గినా, మనం చూసే 40, 50 ఏళ్ల స్త్రీలలో ఇప్పటికీ చాలామంది మేనమామనో, మేనబావనో చేసుకున్నవారే. అలాంటి ఇంట్లో వంశవృక్షం గీస్తే తల్లి వైపు, తండ్రి వైపు అనే రెండు కొమ్మలు మళ్లీ ఒకదానిలో ఒకటి కలుస్తాయి. అమ్మమ్మ నుంచి జన్యు లోపం దిగితే అది తల్లికీ రావచ్చు, తల్లి తమ్ముడైన భర్తకూ రావచ్చు. తల్లి నుంచి కూతురికీ వచ్చి, అలా భార్యాభర్తలిద్దరికీ ఉంటే ఒక బిడ్డకు రెండు వైపుల నుంచీ అది అందే అవకాశం నాలుగింట ఒక వంతు. రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే బీఆర్‌సీఏ2 అనే జన్యువులోని లోపం అలా రెండు వైపుల నుంచీ వచ్చిన పిల్లల్లో ఫాంకోని ఎనీమియా అనే తీవ్రమైన వ్యాధి వస్తుంది, పసితనంలోనే రక్త క్యాన్సర్, మెదడు కణితి వంటివి రావచ్చు. అందుకే నేను ప్రతి వంశవృక్షంలోనూ ‘మీ ఆయన మీకు ముందే ఏమవుతారు?’ అని అడుగుతాను. మీరు రాసే లేఖలో కూడా ఒక వాక్యం దీనికి కేటాయించండి; జన్యు సలహాదారుకు ఆ వాక్యం చాలా పనికొస్తుంది.

జన్యువుల సంగతి క్లుప్తంగా చెబుతాను, మీకు తెలియనిది కాదు. రొమ్ము క్యాన్సర్లలో సుమారు 5 నుంచి 10 శాతం మాత్రమే ఒకే జన్యు లోపం వల్ల వంశపారంపర్యంగా వచ్చేవి. ప్రపంచ దేశాల క్యాన్సర్ లెక్కలు చెప్పే గ్లోబోకాన్ 2022 అంచనా ప్రకారం మన దేశంలో ఆ ఏడాది దాదాపు 1 లక్షా 92 వేల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆ లెక్కన చిన్న శాతమే అయినా వేల కుటుంబాలు. మేరీ క్లెయిర్ కింగ్ 1990లో 17వ క్రోమోజోము మీద దీని ఆచూకీ కనిపెట్టిన తరువాత 1994లో బీఆర్‌సీఏ1, 1995లో బీఆర్‌సీఏ2 బయటపడ్డాయి. లోపం ఉన్న తల్లి లేదా తండ్రి నుంచి ప్రతి బిడ్డకూ, ఆడైనా మగైనా, సగానికి సగం అవకాశంతో అది వస్తుంది. 2017లో వెలువడిన పెద్ద అధ్యయనం ప్రకారం 80 ఏళ్లు వచ్చేసరికి రొమ్ము క్యాన్సర్ అవకాశం బీఆర్‌సీఏ1 ఉన్నవారిలో సుమారు 72 శాతం, బీఆర్‌సీఏ2 ఉన్నవారిలో 69 శాతం. అండాశయ క్యాన్సర్ అవకాశం వరుసగా 44, 17 శాతం. ఇవీ ప్రధానంగా పాశ్చాత్య దేశాల కుటుంబాల లెక్కలే. ఈ అంకెలు మీకోసం చెప్పాను, పరీక్ష ఇంకా జరగని మనిషికి మొదటి రోజునే చెప్పడానికి కాదు.

ఇప్పుడు నా సలహాలోని అసలు విషయం. మీరు పంపవలసింది ఒక్క కూతురిని కాదు, తల్లిని ముందు పెట్టి ఇద్దరినీ. ఎందుకో కొంచెం నిదానంగా చూడండి. జబ్బు వచ్చిన మనిషి రక్తంలోనే ఆ కుటుంబపు లోపం దొరికే అవకాశం ఎక్కువ. తల్లిలో లోపం కనిపించి, అదే లోపం కోసం కూతురిని పరీక్షిస్తే, కూతురి ఫలితం రెండు విధాలా నిక్కచ్చిగా ఉంటుంది. లేదని వస్తే ఆమె నిజంగానే ఈ వంశపు భారం నుంచి బయటపడినట్టే, సాధారణ స్త్రీలకు ఉండేంత ప్రమాదమే ఆమెకూ. పైగా ఒకే చోట వెతకడం కాబట్టి ఖర్చు తక్కువ. అలా కాకుండా కూతురిని మాత్రమే పరీక్షించి ‘ఏమీ లేదు’ అని వస్తే ఆ మాటకు అర్థం తేలదు. లోపం ఇంట్లో ఉండి ఆమెకు రాలేదా, లేక ఇంట్లోని లోపం ఈ పరీక్షకు అందనిదా అన్నది చెప్పలేం. చేతిలో కాగితం చూసి ఆమె ధైర్యపడి పదేళ్లు పరీక్షలు మానేస్తుంది. నేను చూసిన పొరపాట్లలో ఇది చాలా తరచుగా జరిగేది. తల్లి బతికి ఉండటం, 46వ ఏట చికిత్స చేయించుకుని ఇంకా ఈ ఊళ్లోనే ఉండటం ఆ ఇంటికి ఒక అదృష్టం. ఆ అవకాశాన్ని వాడుకోండి. తల్లి లేని ఇళ్లలో, లోపం ఉండే అవకాశం కనీసం 10 శాతం అని తేలితే, జబ్బు లేనివారినే నేరుగా పరీక్షించడం కూడా సరైనదే, కానీ ఫలితం అర్థం చేసుకోవడంలో ఆ జాగ్రత్త ఉండాలి.

తల్లికి కూడా దీనివల్ల మేలు ఉంది, దాన్ని ఆమెకు చెప్పాలి. లోపం తేలితే ఆమె రెండో రొమ్ము గురించీ, అండాశయాల గురించీ ఆలోచించడానికి ఇంకా సమయం ఉంటుంది. జబ్బు తిరగబెట్టినా, లేక బీఆర్‌సీఏ లోపంతో కూడిన తీవ్రమైన తొలి దశ జబ్బు అయినా, ఓలాపరిబ్ వంటి మందులు ఇవ్వదగినవారిని గుర్తించడానికి ఆ ఫలితమే ఆధారం. కూతురి కోసమని తల్లిని పిలిస్తే కొందరు తల్లులు ‘నా వల్లే దానికి వచ్చిందా’ అని కుంగిపోతారు. ఇది ఎవరూ చేసిన తప్పు కాదని, ఆమెకు కూడా తన తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిందేనని మొదటి మాటగానే చెప్పండి.

ఎక్కడికి పంపాలన్నదానికి మన ఊళ్లో దారులు ఉన్నాయి. మీకు దగ్గరగా అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అది టాటా మెమోరియల్ సెంటర్‌కు చెందినది కనుక ముంబైలోని ఆ సంస్థ జన్యు విభాగాన్ని సంప్రదించమని కోరడానికి వీలుంటుంది. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చేవారికి, నగరం మధ్యలో ఉండేవారికి మహారాణిపేటలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) సులువు. తల్లికి ఇదివరకు ఎక్కడ చికిత్స జరిగిందో ఆ ఆసుపత్రికే పంపడం అన్నింటికన్నా మేలు, ఎందుకంటే ఆమె బయాప్సీ నివేదిక, కణజాలపు దిమ్మలు (బ్లాకులు) అక్కడే ఉంటాయి. ఎక్కడికి పంపినా ‘క్యాన్సర్ ఓపీ’ అని మాత్రమే రాయకుండా, జన్యు సలహా కోసం అని స్పష్టంగా రాయండి. లేకపోతే ఆమె వరుసలో నిలబడి, రొమ్ములో గడ్డ లేదని చూపించుకుని, ‘ఏమీ లేదు, వెళ్లమ్మా’ అనిపించుకుని తిరిగొస్తుంది. ఇలా తిరిగొచ్చినవారు మళ్లీ రారు. పరీక్ష ఖర్చు గురించి ముందే ఆసుపత్రి సహాయ కేంద్రంలో అడిగి తెలుసుకోమని చెప్పండి. చికిత్సకు వర్తించే పథకం ఆరోగ్యంగా ఉన్నవారి జన్యు పరీక్షకు కూడా వర్తిస్తుందని అనుకుని వెళ్లి ఇబ్బంది పడకూడదు.

లేఖ ఒక పేజీ చాలు. ఈమె విషయంలో నేనైతే ఇలా రాస్తాను: ‘34 ఏళ్లు, ఒక కూతురు, రొమ్ముల్లో పరీక్షకు గడ్డలు లేవు. తల్లికి 46వ ఏట ఎడమ రొమ్ము క్యాన్సర్, చికిత్స పూర్తయింది, జీవించి ఉన్నారు, పరీక్షకు సిద్ధంగా ఉన్నారు. తల్లి సొంత చెల్లెలికి 50లోపు అండాశయ క్యాన్సర్ అనుమానం, నివేదిక లేదు, మరణించారు. తల్లికి మరో అక్క, ఒక తమ్ముడు, ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నారు. తండ్రి వైపు ఇద్దరు మేనత్తలు, ఎవరికీ లేదు. మేనరికం లేదు. తల్లికి ముందుగా జన్యు సలహా, పరీక్ష. దాని ఫలితాన్నిబట్టి కూతురికి సలహా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.’ ఎడమ కుడి, తోబుట్టువుల సంఖ్య, మేనరికం వంటివి ఇక్కడ నేను ఉదాహరణకు రాసినవి. మీరు అడిగి సరైనవి రాయాలి. ఆరోగ్యంగా ఉన్నవారిని కూడా లెక్కపెట్టి రాయడం ముఖ్యం. ఎనిమిది మంది అక్కచెల్లెళ్లలో ఇద్దరికి రావడం వేరు, ఉన్న ఇద్దరికీ రావడం వేరు. తల్లి నివేదికలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్, హెర్2 గ్రాహకాలు మూడూ లేవని ఉంటే దాన్ని తప్పక పేర్కొనండి. అలాంటి ట్రిపుల్ నెగటివ్ జబ్బు 60 ఏళ్లలోపు వచ్చినవారికి కుటుంబ చరిత్ర లేకపోయినా జన్యు పరీక్ష సూచించడం ఇప్పుడు ఆనవాయితీ.

ఆమె అడిగిన మామోగ్రామ్ గురించి. ఇప్పుడే రాయకండి. ఈ వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో చిన్న గడ్డలు కనబడకపోవచ్చు, బాగుందని వచ్చిన కాగితం మళ్లీ అదే అబద్ధపు ధైర్యాన్నిస్తుంది. లోపం ఉందని తేలినవారికి ఏటేటా ఎంఆర్ఐ ముఖ్యం, వయసును బట్టి దానికి మామోగ్రామ్ తోడవుతుంది. నెలసరి వచ్చే స్త్రీలకు ఎంఆర్ఐ రెండో వారంలో చేయించడం మంచిది. అలాగే పరీక్షల ప్యాకేజీల్లో కనిపించే సీఏ 15-3, సీఏ 125 రక్తపరీక్షలు రాయకండి. జబ్బు లేనివారిలో రొమ్ము క్యాన్సర్‌ను ముందుగా పట్టడానికి మొదటిది పనికిరాదు. రెండోదానితోనూ, స్కానింగ్‌తోనూ అండాశయ క్యాన్సర్ మరణాలు తగ్గలేదని రెండు లక్షల మంది స్త్రీలపై బ్రిటన్‌లో జరిగిన పరిశీలన 2021లో తేల్చింది. అందుకే లోపం నిర్ధారణ అయిన స్త్రీలకు పిల్లలు కనడం పూర్తయ్యాక, బీఆర్‌సీఏ1లో 35 నుంచి 40 మధ్య, బీఆర్‌సీఏ2లో 40 నుంచి 45 మధ్య, ట్యూబులతో సహా అండాశయాలు తీయించుకోమని సలహా ఇస్తారు. రొమ్ములు తీయించుకోవడం, టామోక్సిఫెన్ మాత్రలు వాడటం వంటివి ఆ తరువాతి చర్చలు, అవి ఆమె, ఆమె వైద్యులు కలిసి నిదానంగా చేసుకునేవి. 2013లో నటి ఏంజెలీనా జోలీ తన రొమ్ములు తీయించుకున్నట్టు ప్రకటించినప్పటి నుంచి కొందరు నేరుగా ఆపరేషన్ గురించే అడుగుతున్నారు. పరీక్షకు ముందు దాని గురించి మాట్లాడటం తొందరపాటు అని సౌమ్యంగా చెప్పండి.

ఒక్క విషయంలో మాత్రం ఈ క్రమమంతా పక్కన పెట్టాలి. చేతికి గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం కారినా, చర్మం లోపలికి లాగినట్టున్నా, అది జన్యు సలహాకు పంపే సమయం కాదు; ఆ వారంలోనే రొమ్ము పరీక్ష, స్కానింగ్, అవసరమైతే సూదితో ముక్క పరీక్ష జరగాలి. కుటుంబ చరిత్ర ఉన్న బాలింతలో గడ్డ తగిలితే పాలగడ్డ అని నెలలు గడపకండి. రెండు వారాల్లో తగ్గకపోతే పంపండి.

ఇక భయపడి వచ్చే ప్రతివారి సంగతి. తల్లికి 62వ ఏట వచ్చిందని, ఇంకెవరికీ లేదని రెండు వైపులా అడిగి తేలితే, ఆమెను పంపవద్దు. కానీ ‘ఏమీ కాదు’ అని పంపేయకండి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారిలో చాలామందికి ఇంట్లో ఎవరికీ ఉండదని, ఆమె ప్రమాదం మిగతా స్త్రీలకంటే కొంచెం మాత్రమే ఎక్కువని, ఇంట్లో కొత్తగా ఎవరికైనా వస్తే వెంటనే వచ్చి చెప్పమని వివరించి, ఆ వంశవృక్షం కాగితాన్ని ఆమె ఫైల్లోనే ఉంచండి. 30 దాటిన స్త్రీలకు ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్న రొమ్ము పరీక్ష ఎలాగూ చేయిస్తారు. ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి నింపే పత్రంలో కుటుంబ చరిత్ర ప్రశ్న రక్తపోటు, మధుమేహం, గుండె జబ్బుల గురించే ఉంటుంది, క్యాన్సర్ గురించి ఉండదు. మీ కేంద్రంలోని ఆశాలను ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి ‘అమ్మ, అక్కచెల్లెళ్లు, పిన్ని, మేనత్తల్లో ఎవరికైనా రొమ్ము తీసేశారా?’ అనే ఒక్క ప్రశ్న అదనంగా అడగడం నేర్పితే మీ పరిధిలో ఎన్నో ఇళ్లు బయటపడతాయి.

గోప్యత గురించి మీరు అడగలేదు, కానీ ఈమెది అత్తగారితో కలిసి ఉండే ఇల్లు అని రాశారు. మందుల షాపులో, ఆటోలో, ఇంట్లో మన చీటీలను పదిమంది చదువుతారు. లేఖను కవరులో పెట్టి అంటించి ఇవ్వండి. ఫోన్ ఎవరిది, ఎవరు ఎత్తుతారు అన్నది అడిగి రాసుకోండి. ‘ఈ పిల్ల ఇంట్లో జబ్బు ఉందట’ అన్న మాట చెల్లెలి పెళ్లి సంబంధం దాకా వెళ్తుందని వాళ్లు భయపడతారు, ఆ భయం ఊహించుకున్నది కాదు. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో ఆమే నిర్ణయించుకోవాలి. ఇంకా చిన్నదైన ఆమె కూతురికి ఇప్పుడు ఏ పరీక్షా అక్కర్లేదని కూడా స్పష్టంగా చెప్పండి. పెద్దయ్యాకే వచ్చే ఈ జబ్బుకు 18 నిండకుండా పిల్లలను పరీక్షించరు; అప్పటికి ఆ అమ్మాయే నిర్ణయించుకుంటుంది.

ఆమె వచ్చే మంగళవారం మళ్లీ వస్తుందని రాశారు. ఈలోగా ఫోన్ చేసి, తల్లిని వెంట తీసుకురమ్మని, ఇంట్లో పాత ఆసుపత్రి ఫైలు ఉంటే అట్టతో సహా తెమ్మని చెప్పండి. పిన్ని ఎవరన్నది తల్లినే అడగండి. చనిపోయింది ఆమె చెల్లెలే అయితే ఆ సంగతి కూతురికంటే ఆమెకే బాగా తెలుసు. ఆవిడ ఏ ఆసుపత్రిలో పోయిందో, కడుపులోంచి నీరు తీశారో, ఆపరేషన్ చేశారో ఆమె నోట విని, అప్పుడు లేఖ రాయండి.